బ్రాహ్మికా చీరకట్టు: జ్ఞానదానందినీ దేవి పద్ధతిలో కట్టుకోవడం ఎలా?

మహిళా సంస్కర్తల మీద నాటకాలు వేసేవాళ్ళు, బడిలో పిల్లల చేత వేషాలు కట్టించే టీచర్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: 19వ శతాబ్దపు బెంగాలీ సంస్కర్త జ్ఞానదానందినీ దేవి ఠాకూర్ పాత్రకు చీర ఎలా కట్టాలి? ఎక్కువమంది ఎర్ర అంచు తెల్లచీర తెచ్చి, భుజం మీద తాళాల గుత్తి వేసి సరిపెడుతున్నారు. అది ఆటపౌరే కట్టు, బెంగాలీ ఇళ్ళలో కట్టుకునేది. జ్ఞానదానందిని గడప దాటడానికి తీర్చిదిద్దిన కట్టు వేరు. దాన్ని సరిగ్గా కట్టడానికి కావలసినదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను.

పని మొదలుపెట్టే ముందు తెలియాల్సిన నేపథ్యం కొద్దిగానే ఉంది. ఆమె భర్త సత్యేంద్రనాథ్ ఠాకూర్ బ్రిటిష్ కాలపు ఉన్నతోద్యోగ సర్వీసు ఐసీఎస్‌కు ఎంపికైన తొలి భారతీయుడు. 1864లో ఆయనతో పాటు ఆమె బొంబాయి వెళ్ళింది. రవిక, లోలంగా లేకుండా ఒంటి చీర చుట్టుకునే అప్పటి బెంగాలీ పద్ధతి బయట తిరగడానికి పనికిరాదు. పార్సీ స్త్రీల కట్టు చూసి, కొంత మార్చుకుని, పైటను ఎడమ భుజం మీదకు తెచ్చింది. 1871లో స్త్రీల కోసం వచ్చే బామాబోధినీ పత్రిక ద్వారా, నేర్చుకోదలచిన వాళ్ళకు నేర్పుతానని తెలియజేసింది. బ్రాహ్మ సమాజం అనే బెంగాల్ మత సంస్కరణ సంఘానికి చెందిన ఇళ్ళలోని స్త్రీలు మొదట అందుకున్నారు కాబట్టి బ్రాహ్మికా చీర అన్న పేరు నిలిచింది.

ఇది బయటికి వెళ్ళే మనిషి కట్టు. కుడిచేతికి పని చేసుకునే వీలుండాలి, మెట్లు ఎక్కగలగాలి, బట్ట జారుతుందేమోనన్న బెంగ ఉండకూడదు. కింద చెప్పిన ప్రతి కొలతా ఈ అవసరాల కోసమే. అనుమానం వచ్చినప్పుడు అద్దంలో బాగుందా అని కాక, చెయ్యి పట్టకుండా నిలుస్తోందా అని చూడండి.

1. ముందు సందర్భం తేల్చుకోండి

అందరూ కొలతబద్ద పెట్టుకుని ఒకేలా కట్టుకున్న కట్టు కాదిది. ఇంటింటికీ, తరానికీ తరానికీ తేడాలు వచ్చాయి. అందుకే మీరు చూపించబోయేది 1870ల నాటి దృశ్యమా, 20వ శతాబ్దపు మొదటి రోజులా అన్నది ముందే రాసుకోండి. బట్ట, రవిక, ముసుగు మూడూ దాని మీదే ఆధారపడతాయి.

పాత్ర ఎక్కడుందో కూడా చూడండి. ఇంట్లో వంటగది దగ్గర కూర్చున్న అత్తగారికి ఈ కట్టు కడితే దృశ్యమే తప్పవుతుంది. ఆవిడకు ఆటపౌరే కట్టండి. ప్రయాణం, సభ, విందు, ఫొటో తీయించుకోవడం లాంటి సందర్భాలకు బ్రాహ్మికా కట్టు వాడండి. ఒకే వేదిక మీద రెండూ కనిపిస్తే, ఏం మారిందో ప్రేక్షకులకు మాట చెప్పకుండానే అర్థమవుతుంది.

2. చీర ఎంపిక

పొడవు 5.5 మీటర్లు, వెడల్పు 1.15 మీటర్లకు తగ్గకుండా చూసుకోండి. తలమీద ముసుగు కూడా కావాలంటే 5 మీటర్ల చీర చాలదు.

శాంతిపూర్ నూలు చీర గానీ, ఢాకాయ్ జామ్‌దానీ గానీ, మెత్తని ముర్షిదాబాద్ పట్టు గానీ బాగా కుదురుతాయి. దొరక్కపోతే సన్నని అంచున్న ఏ చేనేత నూలు చీరైనా సరిపోతుంది. అంచు 2 అంగుళాలు దాటకుండా ఉంటే భుజం మీద మడతలు తేలిగ్గా కూర్చుంటాయి.

చిఫాన్ వద్దు. చిఫాన్ చీరలు తర్వాతి తరంలో, కూచ్ బిహార్ మహారాణి ఇందిరా దేవి వల్ల ప్రచారంలోకి వచ్చాయి. 1870ల దృశ్యంలో చిఫాన్ కనిపిస్తే తెలిసినవాళ్ళు వెంటనే పట్టేస్తారు. పాలియెస్టర్ కూడా వద్దు. లోలంగా మీద జారుతుంది, ఎన్ని పిన్నీసులు పెట్టినా నిలవదు.

కొత్త నూలు చీరనైతే ఒకసారి ఉతికి, పలచని గంజి పెట్టి, కొద్దిగా తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. గంజి చిక్కనైతే పైట భుజం మీద అట్టలా నిలబడుతుంది.

3. లోపలి దుస్తులు: అసలు పనంతా ఇక్కడే

చాలామంది కుచ్చిళ్ళ మీద గంటసేపు కష్టపడతారు, రవిక మాత్రం బీరువాలో ఉన్నదేదో వేసేస్తారు. ఈ కట్టులో అది తలకిందుల పని. జ్ఞానదానందిని తెచ్చిన మార్పులో చీర సగమే. లోపల షెమీజు (వదులు లోచొక్కా), పైన రవిక, కింద లోలంగా, కాళ్ళకు మేజోళ్ళు, బూట్లు, ఇవన్నీ కలిస్తేనే ఆ దుస్తుల తీరు పూర్తవుతుంది.

రవిక: మెడ దాకా మూసి ఉండాలి. చేతులు మణికట్టు దాకా, లేదా మోచేతి దాకా వచ్చి చివర కుచ్చు ఉండాలి. ఒంటికి అతుక్కోకుండా కొంచెం వదులుగా, నడుము కిందికి కనీసం జానెడు దిగేలా కుట్టించండి. ఆ కింది భాగం లోలంగా లోపలికి పోతుంది. అప్పుడు చెయ్యి పైకెత్తినా నడుము బయటపడదు. వెనక లోతు మెడ, కట్టుదారాలు, కుందన్ పని ఉన్న రవికలు పక్కన పెట్టండి.

కొత్తగా కుట్టించే వీలు లేకపోతే తెల్లటి నూలు చొక్కా తీసుకుని కాలర్ విప్పేసి, మెడకు లేసు కుట్టండి. లేసు కుచ్చులు పడాలంటే మెడ చుట్టుకొలతకు రెండింతలు కావాలి. మెడ 14 అంగుళాలైతే లేసు 28 అంగుళాలు. రెండు చేతుల అంచులకు కూడా ఇదే లెక్క.

షెమీజు: మెత్తని నూలుది, మోకాళ్ళ దాకా. వేదిక దీపాల వెలుగులో పలచని చీర వెనక నుంచి ఒళ్ళు కనిపించకుండా ఇది కాపాడుతుంది. షెమీజు లేకపోతే లోలంగా దళసరిదైనా ఉండాలి.

లోలంగా: గట్టి నూలుది, ఆరు ముక్కల లంగా. అంచు నేలకు 2 అంగుళాలు పైన ఉండాలి. రవిక వేసుకున్నాక దాని మీదుగా లంగా కట్టి, బొందు ముడి కుడి పక్కకు తిప్పండి. ముడి బొడ్డు మీదే ఉంటే కుచ్చిళ్ళు దోపినచోట ఉబ్బుగా కనిపిస్తుంది. బొందు ఎంత బిగువుగా ఉండాలి? రెండు వేళ్ళు దూరాలి, మూడోది దూరకూడదు. చీర బరువంతా మోసేది ఆ బొందే కాబట్టి వదులు పనికిరాదు. సన్నటి తాడు బదులు అంగుళం వెడల్పు నూలు పట్టీ వేస్తే నడుము కోసుకుపోదు.

పాదాలు: మేజోళ్ళు, నల్లటి మూసిన బూట్లు. వీటిని చీర కట్టకముందే వేసుకోవాలి. మడమ ఎత్తు మారితే అంచు ఎత్తు మారుతుంది. తర్వాత సవరించాలంటే కట్టంతా విప్పాల్సిందే.

4. దగ్గర పెట్టుకోవాల్సినవి

☐ చీర, పైట చెంగు ఎటు ఉందో చూసి మడత విప్పి
☐ రవిక, షెమీజు, లోలంగా
☐ మేజోళ్ళు, బూట్లు
☐ ఒక బ్రోచ్, 1.5 నుంచి 2 అంగుళాలది
☐ చిన్న పిన్నీసులు 4, పెద్దది 1
☐ తలపిన్నులు 4
☐ అరచేతిలో సగమంత మందపాటి గుడ్డ ముక్క
☐ నిలువుటద్దం, వెనక వైపు సర్దడానికి ఒక మనిషి

పిన్నీసు వాడితే కాలదోషం అవుతుందా అని కొందరు అడుగుతారు. పిన్నీసుకు అమెరికాలో 1849లోనే పేటెంటు వచ్చింది. అయినా బయటికి బ్రోచ్ ఒక్కటే కనిపించాలి, పిన్నీసులన్నీ లోపలే ఉండాలి.

5. గుడ్డ లెక్క వేసుకోండి

ముసుగుకు పైట చాలలేదన్న ఫిర్యాదు ఈ లెక్క వేయకపోవడం వల్లే వస్తుంది. తుంటి చుట్టుకొలత ఒక మీటరున్న మనిషికి 5.5 మీటర్ల చీర సుమారుగా ఇలా ఖర్చవుతుంది:

మొదటి చుట్టు: 1.1 మీటర్లు
5 కుచ్చిళ్ళు, ఒక్కోటి 5 అంగుళాలు: 1.25 మీటర్లు
ఎడమ తుంటి నుంచి వీపు మీదుగా కుడి పక్కకు: 0.8 మీటర్లు
కుడి తుంటి నుంచి ఎడమ భుజానికి: 0.75 మీటర్లు
భుజం దాటాక మిగిలేది: 1.6 మీటర్లు

తలమీద ముసుగు వేసి, ఆపైన కొంగు జారవిడవడానికి 1.3 మీటర్లు కనీసం కావాలి. మనిషి కాస్త భారీగా ఉంటే ఒక కుచ్చిలి తగ్గించండి గానీ పైట తగ్గించకండి. ఇప్పటి అలవాటులో ఏడెనిమిది కుచ్చిళ్ళు పెట్టేస్తాం. ఇక్కడ అయిదు చాలు.

6. కట్టే క్రమం

6.1 మొదటి చుట్టు

చీర లోపలి కొసను బొడ్డుకు కుడివైపున లంగాలోకి దోపండి. ముందు నుంచి ఎడమకు, అక్కడి నుంచి వీపు మీదుగా తిరిగి కుడివైపు ముందుకు తీసుకురండి. పోతున్నకొద్దీ పైఅంచును 2 అంగుళాల లోతు దోపుకుంటూ రావాలి. అంచు బూటు పైభాగాన్ని తాకాలి, నేలను తాకకూడదు. చీర బొడ్డు దగ్గర గానీ కొంచెం పైన గానీ కూర్చోవాలి. ఈ కాలం లాగా కిందికి దించితే నడక మారిపోతుంది.

6.2 పైటను తాత్కాలికంగా నిలపడం

కుచ్చిళ్ళ జోలికి ఇప్పుడే పోకండి. చెంగు కొసను పట్టుకుని ముందు నుంచి ఎడమ తుంటి, వీపు మీదుగా, కుడిచేయి కింద నుంచి లాగి, ఛాతీ మీదుగా ఎడమ భుజం పైకి చేర్చండి. వెనక ఎంత వేలాడాలో చూసి పెద్ద పిన్నీసుతో భుజం మీద ఆపండి. మిగిలిన వదులంతా ఇప్పుడు బొడ్డు ముందుకు చేరుతుంది. కుచ్చిళ్ళకు ఉన్నది అంతే.

ముందే కుచ్చిళ్ళు పెట్టేసి, మిగిలింది పైట అనుకుంటే ముసుగు దగ్గర ఇబ్బంది పడతారు.

6.3 కుచ్చిళ్ళు

కుడివైపు దోపిన చోటు నుంచి మొదలుపెట్టండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చాచినంత వెడల్పు, అంటే 5 అంగుళాలు, ఒక్కో మడతకు కొలత. మడతల అంచులు ఎడమకు తిరిగి ఉండాలి. అయిదూ పట్టుకున్నాక ఒకసారి విదిలించి, కింది అంచులు సమంగా ఉన్నాయో చూడమని ఎదుటి మనిషిని అడగండి. అన్నీ కలిపి, పైభాగానికి అడ్డంగా లోపలి నుంచి చిన్న పిన్నీసు పెట్టి, బొడ్డుకు కొంచెం ఎడమగా దోపండి. మరో పిన్నీసుతో కుచ్చిళ్ళను లంగా పట్టీకి కలిపేయండి.

6.4 ఎడమ పక్క సర్దుబాటు

కుచ్చిళ్ళ తర్వాత ఎడమ తుంటి దగ్గర కొంత వదులు మిగులుతుంది. దాన్ని వీపువైపు నెట్టి, పైఅంచును రెండు మూడు చోట్ల దోపండి. ఇది వదిలేస్తే కూర్చున్నప్పుడు అక్కడే బట్ట ఊడుతుంది.

6.5 భుజం, బ్రోచ్

తాత్కాలిక పిన్నీసు తీసేయండి. పైఅంచు మెడకు దగ్గరగా, లేసు కుచ్చు కనిపించేంత ఎడంలో ఉండాలి. కింద ఉన్న బట్టను చేత్తో నెమ్మదిగా భుజం మీదకు పోగుచేయండి. ఇస్త్రీ పెట్టినట్టు పదునైన మడతలు అక్కర్లేదు, మెత్తటి ముడతలుగా పడితే చాలు. ఛాతీ మీద బట్ట పరుచుకుని ఉండాలి, బిగుసుకోకూడదు.

బ్రోచ్ స్థానం భుజం కుట్టుకు 2 అంగుళాలు ముందు, కంటె ఎముక (కాలర్ బోన్) కింద. రవిక లోపల గుడ్డ ముక్క పెట్టి, చీర, రవిక, ఆ ముక్క, మూడింటిలోంచీ బ్రోచ్ సూది పోనివ్వండి. ఈ ముక్క లేకపోతే చీర బరువుకి రవిక చిరుగుతుంది. పట్టు చీరకు ఇది మరీ ముఖ్యం. భుజం వెనక వైపు ఒక చిన్న పిన్నీసు దాచిపెడితే పైట పక్కకు జరగదు.

7. తలమీద ముసుగు

జుట్టు మెడ మీద కొప్పుగా ఉంటే ముసుగు నిలుస్తుంది. జడ పనికిరాదు.

వెనక వేలాడే పైటలో మెడకు దగ్గరున్న అంచును పట్టుకుని తలమీదకు ఎత్తి, కుడి భుజం వైపు వదలండి. బ్రోచ్‌కూ తలకూ మధ్య బెత్తెడు వదులు ఉంచడం మరచిపోకండి. తల తిప్పినప్పుడు, వంచినప్పుడు ఆ వదులే ఆదుకుంటుంది. ముసుగు అంచు నుదుటి మీదకు రాకూడదు, నడినెత్తి దగ్గర ఆగాలి. రెండు చెవుల పైన తలపిన్నులతో ఆపండి.

ముఖం కప్పే మేలిముసుగు ఇది కాదు. ముఖం పూర్తిగా కనిపించాలి.

8. కదిలి చూడండి

అద్దం ముందు నుంచి పక్కకు వచ్చి, రెండు చేతులూ చీరకు తాకకుండా ఇవన్నీ చేయించండి:

☐ కుడిచెయ్యి నిటారుగా పైకెత్తడం
☐ మెట్లు ఎక్కి దిగడం
☐ కుర్చీలో కూర్చుని లేవడం
☐ ముందుకు వంగి నేల మీద వస్తువు తీయడం
☐ తల రెండువైపులా పూర్తిగా తిప్పడం
☐ పుస్తకం పట్టుకుని చదవడం, రాయడం

ఎక్కడ చెయ్యి తనంతట తానే చీర దగ్గరకు పోతుందో అక్కడ లోపం ఉన్నట్టు. మెట్ల దగ్గర కుచ్చిళ్ళు పట్టుకోవాల్సి వస్తోందంటే అంచు కిందికి ఉంది, అర అంగుళం పైకి దోపండి. చెయ్యెత్తినప్పుడు నడుము కనిపిస్తే రవిక పొట్టిది. తల తిప్పగానే ముసుగు జారితే బెత్తెడు వదులు లేదన్నమాట.

9. తరచూ జరిగే తప్పులు, వాటి సవరణ

పైట కుడి భుజం మీదకు రావడం: పార్సీ, గుజరాతీ కట్టుల్లో పైట వెనక నుంచి కుడి భుజం మీదుగా ముందుకు వస్తుంది. ఇక్కడ ముందు నుంచి ఎడమ భుజం మీదుగా వెనక్కి పోవాలి. ఈ ఒక్కటీ మారితే జ్ఞానదానందిని చేసిన మార్పే మాయమవుతుంది.

తాళాల గుత్తి: తీసేయండి. కొంగుకు తాళాలు కట్టడం ఆటపౌరే కట్టుకు చెందినది.

ఎదురెదురుగా మడిచిన పెద్ద పెట్టె మడతలు: ఇవీ ఆటపౌరేవే. కుచ్చిళ్ళన్నీ ఒకే వైపు తిరిగి ఉండాలి.

భుజం మీద మరీ ఇరుకు మడతలు: ఇది ఇప్పటి పెళ్ళి ముస్తాబు తీరు. బ్రోచ్ తీసి, పైటను చేతి వెడల్పంత పరచి మళ్ళీ పెట్టండి.

కుచ్చిళ్ళ మధ్య చీలిక: నడిచేటప్పుడు కుచ్చిళ్ళు విడిపోతుంటే మోకాళ్ళ ఎత్తులో లోపలివైపు నుంచి రెండు మడతలను కలిపి ఒక చిన్న కుట్టు వేయండి. పిన్నీసు పెడితే కూర్చున్నప్పుడు గుచ్చుకుంటుంది.

పైట నేల మీద ఈడ్చుకుపోవడం: కొస మోకాలి కిందికి జానెడు దాటకూడదు. మిగిలినదాన్ని కుచ్చిలిలోకి సర్దండి.

నగల బరువు: మెడ మూసిన రవిక మీద హారాలు వేస్తే లేసు, బ్రోచ్ రెండూ కనిపించవు. గాజులు, చెవులకు చిన్నవి చాలు.

10. పిల్లలకు, త్వరగా మార్చుకోవాల్సిన పాత్రలకు

పదేళ్ళ పిల్లకు పెద్ద చీరే కట్టాలంటే, పొడవునా పైఅంచును లోపలికి మడిచి పిల్ల ఎత్తుకు సరిపెట్టండి. మడత అంతటా ఒకే కొలత ఉండేలా ముందే ఇస్త్రీ చేసి, దూరదూరంగా కుట్లు వేయండి. కుచ్చిళ్ళు నాలుగు, ఒక్కోటి 4 అంగుళాలు. పిల్లలకు బ్రోచ్ సూది గుచ్చుకునే ప్రమాదం ఉంది. పైటను రవికకు దారంతో కుట్టేసి, బ్రోచ్‌ను చీరకు మాత్రమే అందంగా అమర్చండి.

ఆటపౌరే నుంచి బ్రాహ్మికాకు రెండు దృశ్యాల మధ్యలోనే మారాలంటే, మూసిన మెడ రవిక, లోలంగా ముందే వేసి ఉంచి, వాటిని ఆటపౌరే చీరతో నిండుగా కప్పండి. రెండో చీర కుచ్చిళ్ళు ముందే మడిచి, నూలు పట్టీకి కుట్టి సిద్ధంగా పెట్టుకుంటే పట్టీ కట్టి, పైట వేసి, బ్రోచ్ పెడితే సరిపోతుంది. ఇద్దరు సాయం ఉండాలి, ఒకరు కుచ్చిళ్ళకు, ఒకరు భుజానికి.

11. విప్పేటప్పుడు

ముందు తలపిన్నులు, తర్వాత బ్రోచ్, ఆ తర్వాత కుచ్చిళ్ళ పిన్నీసులు. ఈ వరస తప్పితే బ్రోచ్ సూదికి తగులుకుని జామ్‌దానీ లాంటి పలచని నేత చిరుగుతుంది. పిన్నీసులు లెక్కపెట్టుకుని డబ్బాలో వేశాకే చీర మడవండి. గంజి పెట్టిన నూలు చీరను అలాగే దాచకండి, గంజికి పురుగు పడుతుంది. ఉతికి, గంజి లేకుండా ఆరబెట్టి, తెల్లటి నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. బ్రోచ్ విడిగా ఉంచండి, లోహపు మరక బట్టకు అంటితే పోదు.